మనస్సాక్షికి పై అధికారి ఎవరు?

(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మీ కతోలికులలో మనిషికి స్వేచ్ఛ ఎంతవరకు ఉందండీ? పోపుగారు చెప్పిందే వేదమా?" అని మన మిత్రులు కొందరు నన్ను చాలాసార్లు అడిగారు. ఆ ప్రశ్న మీదనే మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. నేను మతగురువును కాను, పండితుణ్ణి అంతకన్నా కాను. ముప్పైనాలుగేళ్ళు ఫైళ్ళతో కాపురం చేసిన గుమాస్తాను. కనుక గుమాస్తాకు అర్థమైన రీతిలోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందు స్వేచ్ఛ సంగతి. దేవుడు మనిషిని కీలుబొమ్మగా చేయలేదనీ, ఒక పని చేయడానికీ మానడానికీ శక్తినిచ్చాడనీ కతోలిక శ్రీసభ బోధిస్తుంది. అందుకే మంచి చేస్తే మెప్పు, చెడు చేస్తే నింద మనిషివే అవుతాయి. భయం, బలవంతం, అజ్ఞానం, అలవాటు వంటి కారణాల వల్ల ఆ బాధ్యత తగ్గవచ్చునని కూడా ఒప్పుకుంటుంది. అయితే స్వేచ్ఛ అంటే తోచినట్లు తిరగడం కాదు. తాగుడు మొదలుపెట్టినవాడు తన ఇష్టంతోనే మొదలుపెడతాడు. కొన్నాళ్ళకు ఆ ఇష్టమే సంకెల అవుతుంది. మంచిని ఎంచుకొనేకొద్దీ మనిషి మరింత స్వతంత్రుడవుతాడన్నదే ఈ బోధన సారం.

ఇక మనస్సాక్షి. 1962 నుండి 1965 వరకు రోములో రెండవ వాటికన్ మహాసభ జరిగింది. 1965 డిసెంబరు 7న ఆ సభ వెలువరించిన ఒక పత్రంలో, మనస్సాక్షి అనేది మనిషి దేవునితో ఏకాంతంగా ఉండే అంతర్మందిరమని చెప్పారు. అదే రోజున వెలువడిన మత స్వేచ్ఛా ప్రకటనలో, ఎవరినీ వారి మనస్సాక్షికి విరుద్ధంగా నడవమని బలవంతపెట్టరాదని స్పష్టం చేశారు.

ఈ మాటలు పుస్తకంలో చదివితే సులువుగానే ఉంటాయి. ఒక రైతు బ్రతుకులో అవి ఎట్లా పరీక్షకు నిలిచాయో చెబుతాను.

ఆస్ట్రియా దేశంలో సాంక్ట్ రాడెగుండ్ అనే చిన్న పల్లె ఉంది. ఫ్రాంజ్ యేగర్‌ష్టెటర్ 1907 మే 20న అక్కడ పుట్టాడు. పెద్ద చదువులు లేవు. యౌవనంలో దుడుకువాడే. ఊరిలో మొట్టమొదటి మోటారు సైకిలు ఆయనదేనట. 1936లో ఫ్రాంజిస్కా అనే ఆమెను పెళ్ళాడిన తరువాత బైబిలు, పునీతుల చరిత్రలు శ్రద్ధగా చదవసాగాడు. ముగ్గురు ఆడపిల్లలు కలిగారు.

1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు. ఏప్రిల్ 10న దానిపై ఓటింగు పెట్టారు. ఆ ఊరిలో కాదని ఓటు వేసినవాడు ఫ్రాంజ్ ఒక్కడే. స్థానిక అధికారులు ఆ ఒక్క ఓటునూ లెక్కలోకి రానీయక, ఊరంతా అనుకూలమే అని ప్రకటించారు. లెక్కలు వ్రాసిన మనకు ఆ విద్య కొత్తది కాదు.

1940లో ఆయనను సైనిక శిక్షణకు తీసుకువెళ్ళి, 1941లో తిరిగి ఇంటికి పంపారు. హిట్లర్ యుద్ధం అన్యాయమైనదనీ, అందులో ఆయుధం పట్టడం పాపమనీ ఆయన నిశ్చయానికి వచ్చాడు. ఆ నిశ్చయాన్ని తనలోనే దాచుకోలేదు. గురువులను అడిగాడు. చివరకు లింట్స్ పట్టణం వెళ్ళి బిషప్‌గారినే అడిగాడు. పాలకుల పనులకు సామాన్య పౌరుడు బాధ్యుడు కాడనీ, అతనికి కుటుంబ బాధ్యత ఉన్నదనీ బిషప్‌గారు నచ్చజెప్పారు. ఫ్రాంజ్ వినయంగా విన్నాడు, ప్రార్థన చేశాడు, కాని ఒప్పుకోలేకపోయాడు.

1943 మార్చి 1న ఎన్స్ సైనిక శిబిరంలో హాజరై, ఆయుధం పట్టనని చెప్పాడు. గాయపడినవారికి సేవ చేస్తానన్నాడు. దానికి వారు ఒప్పుకోలేదు. జూలై 6న బెర్లిన్‌లో మరణశిక్ష వేశారు. చివరి రోజున ఆయనను చూసిన జైలు గురువు చెప్పిన సంగతి ఒకటుంది. సైన్యంలో పనిచేస్తానని సంతకం పెడితే ప్రాణం దక్కే కాగితం బల్ల మీదనే ఉన్నదట. ఆయన పెట్టలేదు. ఆగస్టు 9న బ్రాండెన్‌బర్గ్ జైలులో శిరచ్ఛేదం చేశారు. అప్పటికి ఆయన వయస్సు 36 సంవత్సరాలు.

సంతకం విలువ మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

భార్య మొదట వారించినా, తరువాత భర్త పక్షానే నిలిచింది. ఆమె వల్లనే అతడు అట్లా అయ్యాడని ఊరివారు నిందించారు. యుద్ధం ముగిసిన తరువాత కూడా, 1950 వరకు ఆమెకు వితంతు పెన్షన్ ఇవ్వలేదు. పెన్షన్ దయాభిక్ష కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న మన సుప్రీంకోర్టు నకారా కేసులో చెప్పిన తీర్పును ఏటా తలచుకొనే మనకు, ఆ ఏడు సంవత్సరాలు ఆమె ఎట్లా గడిపిందో వివరించి చెప్పనక్కరలేదు. మనస్సాక్షి ఖరీదును ఒక్కోసారి ఇంటిల్లిపాదీ చెల్లించవలసి వస్తుంది. ఈ సంగతి దాచిపెట్టి నీతులు చెప్పడం న్యాయం కాదు.

1964లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త గోర్డన్ జాన్ ఆయన చరిత్ర వ్రాశాడు. 1965లో ఆయన ఉదాహరణను వాటికన్ మహాసభ దృష్టికి తెచ్చినవారు అంతకు పూర్వం బొంబాయి అగ్రపీఠాధిపతిగా పనిచేసిన థామస్ రాబర్ట్స్‌గారు. మనస్సాక్షి కారణంగా ఆయుధం పట్టనివారికి చట్టాలలో మానవత్వంతో ఏర్పాట్లు ఉండాలనీ, వారు సమాజానికి మరోవిధంగా సేవ చేయాలనీ ఆ సభ చెప్పింది. 2007 అక్టోబరు 26న అదే లింట్స్ పట్టణంలో శ్రీసభ ఫ్రాంజ్‌ను ధన్యుడిగా ప్రకటించింది. 94 ఏళ్ళ ఫ్రాంజిస్కా ఆ సభలో ఉన్నది. 2013లో నూరేళ్ళు నిండి కన్నుమూసింది.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. ప్రతివాడూ "నా మనస్సాక్షి ఇట్లా చెప్పింది" అంటే లోకం ఏమవుతుంది? తప్పుదారిన పోయే మనస్సాక్షి ఉండదా?

ఉంటుంది. నిశ్చయంగా చెప్పే మనస్సాక్షిని కాదని నడవరాదని కతోలిక బోధన. కాని సత్యం తెలుసుకొనే శ్రమ పడకుండా గుడ్డిదైపోయిన మనస్సాక్షికి మనిషే జవాబుదారీ. 1993లో రెండవ జాన్‌పాల్ పోపుగారు ఒక లేఖలో, మనస్సాక్షి మంచిచెడ్డలను తాను సృష్టించదనీ, ఉన్నవాటిని గుర్తిస్తుందనీ వివరించారు. మన భాషలో చెప్పాలంటే, మనస్సాక్షి జీవో జారీచేసే సచివాలయం కాదు. జీవోను చదివి ఎదుట ఉన్న కేసుకు వర్తింపజేసే గుమాస్తా వంటిది. రూల్సు చదవని గుమాస్తా తప్పు నోటు పెడతాడు. లంచానికి అలవాటుపడినవాడు తెలిసే తప్పు నోటు పెడతాడు. ఫ్రాంజ్ చదివాడు, పెద్దలను అడిగాడు, ప్రార్థించాడు, అటు తరువాతనే నిలబడ్డాడు. పైగా ఆ నిర్ణయంలో ఆయనకు లాభం ఏమీ లేదు. మనకు లాభం కలిగించే చోటనే మనస్సాక్షి గట్టిగా మాట్లాడుతున్నదంటే కాస్త అనుమానించవలసిందే.

1992లో పోపుగారు ఆమోదించిన సత్యోపదేశ గ్రంథం ఇందుకు కొన్ని గుర్తులు చెప్పింది. మంచి ఫలితం కోసమైనా చెడు చేయరాదు. ఇతరులు నీకు ఏమి చేయాలని కోరుకుంటావో అదే వారికి చేయాలి. ఎదుటివారి మనస్సాక్షిని గౌరవించాలి. వీటిని అనుసరించడానికి కతోలికుడే కానక్కరలేదు.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఒక సీనియర్ అసిస్టెంటు ఉండేవారు. గడువు దాటి వచ్చిన ఒక దరఖాస్తును ముందు తేదీతో తపాలు రిజిస్టరులో ఎక్కించమని పైనుంచి మౌఖికంగా చెప్పారు. "వ్రాతపూర్వకంగా ఇచ్చినా వ్రాయలేనండీ, నన్ను మన్నించండి" అన్నారాయన. అరవలేదు, ఎవరినీ నిందించలేదు. మూడు వారాలలో దూరప్రాంతానికి బదిలీ అయింది. పిల్లల చదువులు చెడ్డాయి. ఆయన మాత్రం ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. "పైవాళ్ళు చెప్పారు" అన్న మాట ఎన్ని వేలసార్లు విన్నామో మనకు తెలుసు. ఆ మాట బాధ్యతను తగ్గించవచ్చునేమో గాని, తుడిచివేయదు.

మిత్రులారా! ఉద్యోగానికి రిటైర్మెంటు ఉంది, మనస్సాక్షికి లేదు. ఇప్పుడు మన చేతిలో ఫైళ్ళు లేవు. కాని వీలునామా వ్రాసేటప్పుడు, ఇతరుల దస్తావేజులో సాక్షి సంతకం పెట్టేటప్పుడు, మనుమడి పెళ్ళిలో కట్నం మాట వచ్చినప్పుడు నిర్ణయం మనదే. అక్కడ ఆర్డరు ఇచ్చే పై అధికారి ఎవరూ ఉండరు గనుక, తప్పు తోయడానికి కూడా ఎవరూ ఉండరు. రోజూ పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు ఆ రోజు చేసినవాటిని తిరగవేసుకోవడం మాలో పెద్దలు నేర్పిన అలవాటు. ఏ మతంవారికైనా అది పనికివస్తుందని నా విన్నపం.