సంతకం పెట్టేముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు

ఇవాళ్టి మాట సెకండరీ ఫోర్‌లో పిల్లలున్న అమ్మానాన్నల కోసం.

మన యూ టీ నుంచి ఎమ్మార్టీలో ఒక్క స్టేషను దాటితే చోవా చూ కాంగ్. ఐటీఈ కాలేజ్ వెస్ట్ ఉన్నది అక్కడే. ఐటీఈ పేరెత్తగానే మనవాళ్ళ మొహాలు చిన్నబోతాయి. ఆ అక్షరాలకి ‘ఇట్స్ ది ఎండ్’ అని ఎగతాళిగా అర్థం చెప్పేవాళ్ళు కూడా ఉన్నారిక్కడ.

1992లో మొదలైన ఐటీఈ, 2018లో ఒక కొత్త దారి తెరిచింది. ఇప్పుడు దాన్ని వర్క్-స్టడీ డిప్లమా అంటున్నారు. నైటెక్ గానీ హయ్యర్ నైటెక్ గానీ అయ్యాక ఇందులో చేరినవాళ్ళు ఒక కంపెనీలో ఉద్యోగులే. జీతం వస్తుంది. ఎక్కువ కాలం పనిచోట, మిగతాది క్లాసులో.

దీనివల్ల ఏమొస్తుందండీ? క్లాసులో మోటారు బిగించడం తప్పితే మార్కులు పోతాయి. పనిచోట తప్పితే లిఫ్టు ఆగిపోతుంది, పదో అంతస్తులో ఓ పెద్దావిడ ఇరుక్కుంటుంది. తన పని మీద మనుషులు ఆధారపడ్డారని పిల్లలకి అక్కడే తెలుస్తుంది.

అలాగని ఏదో ఒక కంపెనీలో చేరితే చాలదు. రోజంతా ఫొటోకాపీలు తీయిస్తే అది శిక్షణ కాదు. అందుకే సంతకం పెట్టేముందు అడగండి: పక్కన నిలబడి నేర్పేది ఎవరు? మూడు నెలలయ్యేసరికి ఏ పని సొంతంగా చేయగలగాలి? తప్పు చేస్తే ఎవరు, ఎలా సరిదిద్దుతారు?

జవాబులు సూటిగా వస్తే నిశ్చింతగా పంపండి. ‘పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో’ అన్నది మాత్రం నాలుగో ప్రశ్న కానివ్వకండి. ఉంటానండి.