తుంటి కీలు ఎన్నేళ్లుంటుంది?



తుంటి కీలు మార్పిడి చేయించుకోబోయే ఆడవాళ్లు మొదట అడిగేది, "ఇదెన్నేళ్లుంటుందమ్మా?" అని. మామూలుగా చాలాకాలమే ఉంటుంది. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం నూటికి 58 కీళ్లు 25 ఏళ్లు నిలిచాయి. అయితే ఆ లెక్క ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ దేశాల రిజిస్టర్లది. అక్కడ దాదాపు ప్రతి కీలునూ నమోదు చేస్తారు.

నమోదు లేకపోతే ఏమవుతుందో డెప్యూ కంపెనీ ఏఎస్ఆర్ కీలు మనకు చూపించింది. అందులో లోహపు బంతి లోహపు గిన్నెలోనే తిరుగుతుంది. ఆ రాపిడికి కోబాల్టు, క్రోమియం రక్తంలో చేరతాయి, చుట్టూ ఉన్న కండ దెబ్బతింటుంది. ఈ ఏఎస్ఆర్ కీళ్లలో చిన్న బంతులున్నవి త్వరగా చెడిపోయాయి. చిన్న బంతులు ఎవరికి వేస్తారు? ఎముకలు చిన్నవిగా ఉండే మనకే! ఆస్ట్రేలియా రిజిస్టరు ఈ కీలు లోపాన్ని పసిగట్టింది, 2009లో అక్కడ అమ్మకం ఆగింది. 2010 ఆగస్టులో కంపెనీ అన్ని దేశాల్లోనూ వెనక్కి తీసుకుంది. మన దేశంలో అప్పటికి సుమారు 4,700 ఆపరేషన్లు జరిగాయి. కేంద్రం నిపుణుల కమిటీ వేసింది మాత్రం 2017లో. అప్పటికి చాలామంది ఆచూకీయే దొరకలేదు. పరిహారం నిర్ణయించారు సరే, ఇవ్వడానికి మనుషులేరీ?

నేను కలిసిన ఒక పెద్దావిడ బిల్లులన్నీ చీరల మడతల్లో భద్రంగా దాచుకున్నారు. వాటిలో కీలు పేరు మాత్రం ఎక్కడా లేదు. కీలు పెట్టెతో వచ్చే స్టిక్కరు మీద కంపెనీ పేరు, లాట్ నంబరు ఉంటాయి. మీ దగ్గరకొచ్చే వారి కాగితాల్లో ఆ స్టిక్కరుందేమో చూడండి. లేకపోతే ఆసుపత్రికి వారిచేత అర్జీ రాయించండి.