ఉగాది తాబేలు
(ఫాల్గుణ మాసంలో జరిగిన సంఘ కుటుంబ గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉపన్యాసకులము కాము. రైల్వే ఆఫీసులో గుమాస్తా పని. చదువు పదవ తరగతితో ఆగిపోయింది. వేదిక ఎక్కడం ఇదే మొదలు. "మీరు తాబేళ్ల నడకకు వెళ్లివచ్చారట గదా, ఆ నాలుగు మాటలూ మనవాళ్లకు చెప్పండి" అని కార్యదర్శిగారు పట్టుబట్టారు. నాలుగు మాటలూ చెప్పి, చివర ఒక విన్నపం చేసుకుంటాము. ఆ విన్నపం కోసమే ఒప్పుకున్నామని ముందే చెప్పివేయడం మంచిది.

మనలో చాలామందికి సముద్రమంటే ఆదివారం సాయంత్రం మెరీనాకు వెళ్లి, సుండల్ పొట్లం కొనుక్కుని, పిల్లల కాళ్లు తడిపి, ఇసుక దులుపుకుని ఇంటికి రావడమే. ఈ పట్నంలో పదిహేనేళ్లుగా ఉన్నాము. ఒడ్డున కూర్చున్నామే గాని, ఒడ్డు వెంబడి నడిచినవాళ్లము కాము. కూర్చోవడానికీ నడవడానికీ ఎంత భేదమున్నదో ఈ నెలలోనే తెలిసింది.

ప్రతి సంవత్సరం జనవరి మొదలు మన ఉగాది దాటేవరకూ ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తవి. మన శ్రీకాకుళం, విశాఖ తీరాలకూ వస్తవి. ఒరిస్సాలో గహిర్మాత, ఋషికుల్య తీరాలలో ఒకే రాత్రి వేలకు వేలు పైకి వస్తవట. ఇక్కడ అట్లా కాదు. ఒకటొకటిగా, చీకట్లో, ఎవరికీ తెలియకుండా వచ్చిపోతవి. ఇక్కడి జాలరులు దీనిని 'పంగుని ఆమై' అంటారు. పంగుని నెలలో వచ్చే తాబేలని అర్థం. పంగుని అంటే మనకు ఫాల్గుణ చైత్రాలే గదా! ఆ లెక్కన మనం దీనిని ఉగాది తాబేలు అనవచ్చును.

వీటిని వెదుక్కుంటూ ఒడ్డు వెంబడి నడవడం ఈనాటి సంగతి కాదు. 1970 దశకంలో మద్రాసు స్నేక్ పార్కు స్థాపించిన రోములస్ విటేకర్ గారూ, ఆయన మిత్రులూ ఈ నడకలు మొదలుపెట్టారు. వారిలో సతీష్ భాస్కర్ అనే ఆయన దేశపు తీరాన్ని వేల కిలోమీటర్లు కాలినడకన చూశారు. 1982లో వానకాలమంతా లక్షద్వీపాలలోని సుహేలి అనే జనం లేని దీవిలో ఒక్కరే ఉండి తాబేళ్లను లెక్కించారు. అక్కడినుంచి భార్యకు ఒక ఉత్తరం వ్రాసి, సీసాలో పెట్టి సముద్రంలోకి విసిరితే, అది శ్రీలంకలో ఒక జాలరికి దొరికిందట. ఆ పుణ్యాత్ముడు దానిని చిరునామాకు పంపించాడు. భాస్కర్ గారు 2023లో కాలం చేశారు. ఇక 1988 నుంచి ఈ పట్నపు విద్యార్థులే ఒక బృందంగా ఏర్పడి, సీజను పొడుగునా రాత్రులు నడుస్తున్నారు. స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్ అని వారి పేరు. వారాంతపు రాత్రులలో మనబోటి వారిని కూడా వెంట తీసుకుపోతారు.

మా సెక్షనులోని తమిళ మిత్రుడు ఈ సంగతి చెప్పి మమ్మల్ని కదిలించాడు. మేమూ, మా ఇంటావిడా, తొమ్మిదేళ్ల మా పిల్లవాడూ, మా పేటలో ఉండే రిటైరైన హెడ్డు గుమాస్తా బాబాయిగారూ, ఆ మిత్రుడి కుటుంబమూ, మరి కొందరూ కలిసి పధ్నాలుగుమంది అయ్యాము. తిరువాన్మియూరు దాకా రైలు, అక్కడినుంచి నీలాంకరైకి ఆటో. రాత్రి పదకొండు దాటిన తరువాత అక్కడ ఇసుకలో కూర్చోబెట్టి ముందుగా నియమాలు చెప్పారు. టార్చి వేయరాదు. సెల్‌ఫోను వెలిగించరాదు. గట్టిగా మాట్లాడరాదు. ముందు నడిచేవారిని దాటిపోరాదు. మాకు దారి చూపినది ఒక కాలేజీ అమ్మాయి. చేతిలో కర్ర, భుజాన సంచి, అంతే. "చీకటి ఎట్లాగమ్మా?" అని బాబాయిగారు బెంగపడితే, "పది నిమిషాలు ఓపిక పట్టండి తాతగారూ, కళ్లే నేర్చుకుంటవి" అన్నది తమిళంలో. నిజంగానే పది నిమిషాలకు ఇసుక తెల్లగా, నీళ్లు నల్లగా, నురుగు వెండిగా విడివిడిగా కనిపించసాగాయి.

నీలాంకరై నుంచి పాలవాక్కం, కొట్టివాక్కం, తిరువాన్మియూరు మీదుగా బెసంట్ నగరు దాకా సుమారు ఏడు కిలోమీటర్లు. రోడ్డు మీద ఏడు కిలోమీటర్లు వేరు, ఇసుకలో వేరు. తడి ఇసుక మీద కాలు తేలికగా సాగుతుంది గాని అల వచ్చి మోకాళ్ల దాకా తడుపుతుంది. పొడి ఇసుకలోకి జరిగితే కాలు కూరుకుపోతుంది. పడవల మోకులూ, ఆరవేసిన వలలూ తప్పించుకుంటూ పోవాలి. మాకు మా రైలు పట్టాల పెట్రోలు మనుషులు గుర్తుకు వచ్చారు. వానకాలపు రాత్రులలో లాంతరు పట్టుకుని, పట్టా వెంబడి ఒంటరిగా నడిచే ఆ మనుషుల చేతి బిల్లులు మేము కాగితం మీద ఎన్నో చూశాము. నడక ఎట్లా ఉంటుందో ఆ రాత్రి తెలిసింది.

పాలవాక్కం దగ్గర మొదటి తాబేలు కనిపించింది. చనిపోయినది. మేము మూకుడంత ఉంటుందనుకున్నాము. రెండడుగులకు పైగా పొడవున్న డిప్ప. పిల్లవాడు మా ఇంటావిడ కొంగు పట్టుకున్నాడు. ఆ అమ్మాయి పొడవూ వెడల్పూ కొలిచి పుస్తకంలో వ్రాసుకున్నది. తాబేలు నీటిలో బ్రతికేదే అయినా ఊపిరి మాత్రం పైకి వచ్చి పీల్చుకోవాలి. మరబోట్లు ఈడ్చే పెద్ద వలలలో చిక్కుకుంటే పైకి రాలేక, సముద్రపు జంతువే సముద్రంలో మునిగి చనిపోతుంది. 2025 జనవరిలో ఈ తీరాలకు వందల సంఖ్యలో ఇట్లా కొట్టుకువచ్చాయి. మరబోట్లు ఒడ్డుకు దగ్గరగా వల లాగరాదని నిబంధన ఉన్నది. తాబేలు తప్పించుకుని పోయే కటకటాల ద్వారాన్ని వలకు అమర్చే పద్ధతి కూడా ఉన్నది. అమలులోనే వస్తున్నది చిక్కు. అయితే ఒడ్డున ఉండే చిన్న పడవల వాళ్ల మీద ఈ నెపం వేయరాదని ఆ అమ్మాయి మరీ మరీ చెప్పింది. గుడ్లున్న చోటు చెప్పి సాయపడేవాళ్లలో వాళ్లూ ఉన్నారట.

కొట్టివాక్కం దాటేవేళకు ఆమె చేయి పైకెత్తి అందరినీ ఆపింది. నీళ్లలోనుంచి పైకి, మళ్లీ నీళ్లలోకి రెండు జాడలు, చిన్న ట్రాక్టరు పోయినట్లు. తల్లి వచ్చి వెళ్లిపోయింది. ఆ దర్శనం మాకు దక్కలేదు. జాడలు కలిసినచోట కర్రతో మెల్లగా పొడిచి చూసి, మెత్తగా దిగినచోట చేతులతో తవ్వింది. మోచేయి దాటిన లోతున, కూజా ఆకారపు గుంటలో, పింగ్‌పాంగ్ బంతుల్లాగా గుడ్లు! ఒక్కొక్కటే తీసి సంచిలో పెడుతూ బాబాయిగారిని లెక్క పెట్టమన్నది. ముప్పై అయిదేళ్లు జమాఖర్చులు లెక్కపెట్టిన మనిషి గదా; నూటపన్నెండు అని తేల్చి, మళ్లీ ఒకసారి సరిచూడనిమ్మన్నారు. అక్కడే వదిలితే కుక్కలు తవ్వి తింటవి గనుక, బెసంట్ నగరులో కంచె కట్టిన చోట అదే లోతున, అదే ఆకారపు గుంట తీసి పాతిపెడతారు. నలభై అయిదు రోజులు మొదలు రెండు నెలల లోపల ఇసుక వేడికే పిల్లలవుతవి. ఆ వేడిని బట్టే ఆడో మగో తేలుతుందట. వేడి ఎక్కువైతే ఆడవి. కోడిపెట్ట పొదిగితేనే పిల్ల అని చదువుకున్న మాకు ఇది వింతే.

ఇక అసలు సంగతికి వస్తున్నాము. తిరువాన్మియూరు దగ్గర, ఎవరికంటా పడని ఒక పాత గూటిలోనుంచి పిల్లలు బయటికి వచ్చాయి. అరచేతిలో సగం కూడా లేవు. వాటికి తల్లి లేదు, తోడు లేదు. పుట్టగానే ఎటు వెలుతురుంటే అటు నడవడం ఒక్కటే వాటికి తెలిసిన విద్య. సృష్టిలో రాత్రివేళ వెలుతురుండేది సముద్రం వైపునే; చుక్కలూ చంద్రుడూ నీటిమీద మెరుస్తారు గనుక. కాని ఆ రాత్రి సముద్రం వైపు ఒక్క పిల్లా పోలేదు. అన్నీ రోడ్డు వైపే, దీపస్తంభాల వైపే బిరబిర పోతున్నాయి. ఇరవై ఎనిమిదింటిని ఏరాము. ఏడు రోడ్డుమీద నలిగిపోయి కనిపించాయి. మా పిల్లవాడు "నాన్నా, వీటికి దారి తప్పు చెప్పింది ఎవరు?" అన్నాడు.

ఆ అమ్మాయి మామూలుగానే జవాబు చెప్పింది. "వీధి దీపాలు రోజూ ఉండేవే. వాటిని ఆర్పమని అడుగుతూనే ఉంటాము. ఒక్కోసారి ఇసుక మీదనే పెద్ద దీపాలు పెట్టి పండుగలు చేస్తారు. ఆ రాత్రి పుట్టినవి ఆ దీపాల క్రిందనే తిరిగి తిరిగి, తెల్లవారేసరికి ఎండిపోతవి." ఈ మాటలకు బాబాయిగారు మావైపు చూశారు. మేము నేలచూపులు చూశాము.

సభ్యులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. రెండు సంవత్సరాల క్రిందట చైత్ర పౌర్ణమినాడు మన సంఘం పక్షాన సముద్రపుటొడ్డున వెన్నెల విందు జరుపుకున్నాము. పులిహోర, దద్దోజనం, పద్యాలు, పిల్లల నాట్యం, అంతా వైభవంగా జరిగింది. దీపాల ఏర్పాటు మాది. పన్నెండు పెద్ద దీపాలు అద్దెకు తెచ్చాము. వెన్నెల విందుకు అన్ని దీపాలెందుకని ఆ రోజు ఎవరూ అడగలేదు, మాకూ తోచలేదు. మరునాడు ఉదయం స్తంభాలు విప్పుతున్న కుర్రవాడు వాటి మొదళ్ల దగ్గర నల్లగా చిన్న చిన్నవి ఎండిపడి ఉంటే, "ఇవేమిటి సార్?" అని అడిగాడు. కాకులు పీకుతున్నాయి. "పీతపిల్లలై ఉంటవిలే, తొందరగా విప్పు, అద్దె పెరుగుతుంది" అన్నాము. పీతపిల్లలు కావని తిరువాన్మియూరు ఇసుకలో తెలిసింది.

శ్రీకూర్మంలో కూర్మనాథునికి దణ్ణం పెట్టివచ్చిన వంశం మాది. ఇంట్లో పటమున్నది. పటానికి దీపం పెట్టాము. ఒడ్డున పెట్టిన దీపం ఎవరికి పెట్టామో చూసుకోలేదు. తెలియక చేశామనడం నిజమే గాని, అడిగినవాడికి వంగి చూడకుండానే జవాబు చెప్పాము గదా! ఆ తప్పు మాదే, దీపాల కంపెనీది కాదు.

ఏరిన పిల్లలను నీటికి కొన్ని గజాల ఇవతల ఇసుకమీద వదిలారు. చేత్తో నీళ్లలో వేయరాదట. అవి నడిచే పోవాలి. ఆ అమ్మాయి నీటి అంచున నిలబడి ఒక చిన్న దీపం పట్టుకున్నది. అన్నీ ఆమె వైపు తిరిగాయి. అల వచ్చింది, ఒక్కసారిగా అన్నీ మాయం. పెద్దవయ్యేది వెయ్యింటికి ఒకటని చెబుతారు. అట్లా మిగిలిన ఆడది పదిహేనేళ్లకో ఎప్పటికో ఈ ప్రాంతపు ఒడ్డునే వెదుక్కుంటూ తిరిగి వస్తుందట. గుడ్లను గుంటలో పాతేవేళకు రాత్రి నాలుగయింది. ఆటోలో మా పిల్లవాడు ఒళ్లో నిద్రపోయాడు.

ఇతర దేశాలవారు దీనిని ఎట్లా నడుపుతున్నారో తెలుసుకున్నాము. మధ్యధరా సముద్రంలో గ్రీసు దేశపు జాకింథోస్ దీవిలో మరొక జాతి తాబేళ్లు గుడ్లు పెడతవి. ఎండలకోసం, సముద్రంకోసం లక్షలమంది యాత్రికులు పోయే దీవి అది. అయినా 1999లో ఆ తీరాన్ని జాతీయ ఉద్యానంగా ప్రకటించి, గుడ్లు పెట్టే ఒడ్డులను సీజనులో రాత్రిపూట మనుషులకు మూసివేస్తున్నారు. పగలు మనుషులకు, రాత్రి తాబేళ్లకు. పంపకం న్యాయంగానే ఉన్నది గదా!

మా విన్నపం ఇది. ఈ చైత్ర పౌర్ణమికి మళ్లీ ఒడ్డున వెన్నెల విందు చేయాలని కార్యవర్గం ముందున్న ప్రతిపాదనను దయతో మార్చండి. పిల్లలు ఎక్కువగా గూళ్లు విడిచేది ఆ రోజులలోనే. మన సంఘం మేడమీదా వెన్నెల పడుతుంది. అక్కడ దీపాలన్నీ ఆర్పివేసి పద్యాలు పాడుకుందాము. పదిమందికి నష్టమేమీ లేదు. ఒడ్డుకు దగ్గరగా ఇళ్లున్న సభ్యులు ఈ రెండు నెలలూ రాత్రి పదకొండు తరువాత సముద్రం వైపు దీపాలు ఆర్పవలసిందని కోరుతున్నాము. నడవగలవారు పదిమంది చొప్పున ఒక్కసారి ఆ విద్యార్థుల వెంట నడిచి రండి. పేర్లు వ్రాసుకునే పుస్తకం ద్వారం దగ్గర పెట్టాము. మొదటి పేరు బాబాయిగారిదే. గుడ్ల లెక్క ఈసారి కూడా తనకే అప్పగించాలని షరతు పెట్టారు.

కార్యవర్గం ఏమి నిర్ణయించినా, దీపాల అద్దె చీటీ మీద ఈసారి మా సంతకం ఉండదని మనవి చేసుకుంటున్నాము.