బిల్లు కమిటీకి పోయింది, మన మాట ఎవరు తీసుకుపోవాలి?

(గ్రామ కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతి పెడుతున్నామని చెప్పినప్పుడు కొందరు తమ్ముళ్ళు మమ్మల్ని అడిగారు. "పార్లమెంటు గొడవ మనకెందుకు? మా ఊరి ఎస్సై కేసు కట్టడం లేదు, ముందు అది చెప్పండి" అన్నారు. న్యాయమైన మాటే. అయితే ఎస్సై ఏ సెక్షను కింద కేసు కట్టాలి, ఏ సందు చూసుకుని తప్పుకోవచ్చు అనేది ఢిల్లీలో ఒక గదిలో తేలిపోతుంది. ఆ గదికి కమిటీ గది అని పేరు. అక్కడ తలుపులు వేసుకుని మాట్లాడతారు, పేపరు వాళ్ళను కూడా రానివ్వరు. ఇవాళ ఆ గది సంగతి మాట్లాడుకుందాం. ఎస్సై సంగతి కూడా అందులోంచే వస్తుంది.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. పేపర్లో "లోక్‌సభలో బిల్లు ప్రవేశపెట్టిన మంత్రి" అని పెద్దక్షరాలతో వస్తుంది. మన వాడల్లో చట్టం వచ్చేసిందని సంబరపడతారు, లేదా చట్టం పోయిందని భయపడతారు. రెండూ తొందరపాటే. ప్రవేశపెట్టడమంటే కాగితం బల్ల మీద పెట్టడం, అంతే. దాని మీద చర్చ జరగాలి, ఒక్కొక్క క్లాజు మీద ఓటు పడాలి, రెండో సభకు పోవాలి, రాష్ట్రపతి సంతకం కావాలి, గెజిట్లో అచ్చు కావాలి. ఆ తర్వాత కూడా "ఫలానా తేదీ నుంచి అమలు" అని ప్రభుత్వం చెప్పేదాకా చాలా చట్టాలు నిద్రపోతూనే ఉంటాయి.

ఇంకో రకం బిల్లు కూడా ఉంది. మంత్రి కాని ఎంపీ ఎవరైనా శుక్రవారం మధ్యాహ్నం పూట సొంతంగా ఒక బిల్లు పెట్టుకోవచ్చు. అట్లా పెట్టిన వాటిలో ఈ దేశంలో ఇప్పటిదాకా చట్టమైనవి 14. ఆఖరుది 1970లో. కాబట్టి మీ ఎంపీ గారు బిల్లు పెట్టానని ఫ్లెక్సీ కట్టించుకుంటే దండ వేయండి తప్పులేదు, కాని ఆశ పెట్టుకోకండి.

ఇక కమిటీలు. 1993లో పార్లమెంటు శాఖలవారీగా స్టాండింగ్ కమిటీలు పెట్టుకుంది. మొదట 17 ఉండేవి, 2004లో 24 చేశారు. ఒక్కో కమిటీలో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులకు అందులో చోటు లేదు. బిల్లును కమిటీకి పంపాలా వద్దా అనేది స్పీకరో, రాజ్యసభ చైర్మనో నిర్ణయిస్తారు. పంపితే కమిటీ అధికారులను పిలిచి అడుగుతుంది, జనాన్ని రాసి ఇవ్వమంటుంది, నివేదిక ఇస్తుంది. ఆ నివేదికను ప్రభుత్వం ఒప్పుకుని తీరాలని లేదు. అది సలహా మాత్రమే. మన ఎస్సీల బిల్లులు మామూలుగా సామాజిక న్యాయం, సాధికారత కమిటీకి పోతాయి. ఎస్సీ, ఎస్టీ సంక్షేమ కమిటీ అని ఇంకొకటి ఉంది, దానికి 30 మంది. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఆ రెండోది ఉద్యోగాలు, రిజర్వేషన్ల అమలు చూస్తుంది, బిల్లులు చూడదు. బిల్లు మీద అర్జీ దానికి పెడితే తప్పు గుమ్మం ముందు నిలబడ్డట్టే.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. అత్యాచారాల నిరోధక చట్టం కథ. 1985 జూలై 17న కారంచేడులో మన మాదిగలు ఆరుగురిని నరికి చంపారు. దాని మీద లేచిన ఉద్యమం మన రాష్ట్రంతో ఆగలేదు. 1989లో చట్టం వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమలైంది. ఏడాదిన్నర తిరిగేసరికి 1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మందిని చంపారు. చంపడానికి ముందు ఏం చేశారు? వెలివేశారు. కూలికి పిలవలేదు, బతుకుతెరువు మూయించారు. మరి వెలి అనేది ఆ 1989 చట్టంలో నేరంగా రాసి ఉందా? లేదు. చంపితే నేరం, చంపడానికి ముందు ఊరంతా కలిసి గొంతు నొక్కితే నేరం కాదు!

ఆ చిల్లు పూడ్చడానికి ఎన్నాళ్ళు పట్టిందో లెక్క చూడండి. దళిత, ఆదివాసీ సంఘాలు ఏళ్ళ తరబడి కేసుల కాగితాలు పోగుచేసి, చట్టం ఎక్కడ కారిపోతుందో రాసి ఇచ్చాయి. 2013 డిసెంబరు 12న సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టారు. ఎన్నికలు దగ్గర పడ్డాయి, బిల్లు కదలలేదు. 2014 మార్చి 4న ఆర్డినెన్సు తెచ్చారు. లోక్‌సభ రద్దయింది, బిల్లు చచ్చిపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి: లోక్‌సభలో ఆగి ఉన్న బిల్లు ఆ సభతోనే పోతుంది. రాజ్యసభలో పెట్టి అక్కడే ఆగి ఉన్న బిల్లు మాత్రం పోదు.

కొత్త సభ వచ్చింది. 2014 జూలై 16న మళ్ళీ బిల్లు పెట్టారు, కమిటీకి పంపారు. ఇక్కడే ఉంది చూడండి కిటుకు. ఆర్డినెన్సు ఆయుష్షు పార్లమెంటు మళ్ళీ కూర్చున్నాక ఆరు వారాలు. ఆలోపు బిల్లు పాస్ కాకపోతే ఆర్డినెన్సు రాలిపోతుంది. రాలిపోయింది. కమిటీ 2014 డిసెంబరు 19న నివేదిక ఇచ్చింది. లోక్‌సభ పాస్ చేసింది 2015 ఆగస్టు 4న. రాజ్యసభ 2015 డిసెంబరు 21న. అమలు 2016 జనవరి 26 నుంచి. అంటే 2014 జూలై నుంచి ఏడాదిన్నర పాటు, మనకు చూపించిన కంచం లాగేసి, మళ్ళీ వడ్డించే దాకా కూర్చోబెట్టారు. ఆ ఏడాదిన్నరలో ఎక్కడైనా మనవాళ్ళను వెలివేస్తే ఆ కొత్త సెక్షను లేదు. దానికి ముందే, 2014 ఏప్రిల్ 22న, చుండూరు ముద్దాయిలందరినీ హైకోర్టు విడిచిపెట్టింది.

అయితే కమిటీకి పంపడం చెడ్డపని అని మేము అనడం లేదు. చివరికి వచ్చిన చట్టంలో ఏముందో చూడండి. సాంఘిక బహిష్కరణ, ఆర్థిక బహిష్కరణ నేరమని రాశారు. గుండు కొట్టించడం, మీసం తీయించడం, చెప్పుల దండ వేయడం నేరం. చచ్చిన గొడ్డును మోయమనడం, గుంత తవ్వమనడం నేరం. పొలానికి నీళ్ళు రాకుండా అడ్డుకోవడం నేరం. ఎస్సై మాట అడిగారు గదా, నాలుగో సెక్షను చూడండి. ఫిర్యాదు తీసుకోకపోతే, చదివి వినిపించకపోతే, ఎఫ్.ఐ.ఆర్ నకలు ఇవ్వకపోతే, అరవై రోజుల్లో చార్జిషీటు వేయకపోతే, అది విధుల్లో నిర్లక్ష్యం. ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. కాని పక్కనే ఒక తాళం వేశారు: శాఖాపరమైన విచారణ సిఫారసు చేస్తేనే ఆ అధికారి మీద కేసు. దొంగతనం మీద విచారణ దొంగ బావమరిదికి అప్పగించినట్టు. ఆ తాళం ఎక్కడ వేస్తారు? క్లాజుల మీద మాట్లాడుకునే గదుల్లో వేస్తారు. అక్కడ మన వైపు నుంచి గట్టిగా రాసి ఇచ్చినవాళ్ళు ఎక్కువమంది ఉంటే, అంత సులువుగా పడదు.

ఇక మరో బిల్లు వేగం చూడండి. అగ్రకులాల పేదలకు పది శాతం రిజర్వేషన్ ఇచ్చే రాజ్యాంగ సవరణ. 2019 జనవరి 8న లోక్‌సభలో పెట్టారు, అదే రోజు పాస్ చేశారు. 9న రాజ్యసభ. 12న రాష్ట్రపతి సంతకం. రాజ్యాంగాన్నే మార్చే బిల్లు, ఏ కమిటీ చూడలేదు. మీసం తీయించడం నేరమని రాయడానికి రెండేళ్ళు, పది శాతానికి రెండు రోజులు. వాళ్ళకు తొందర ఉన్నప్పుడు కమిటీ గుర్తుకురాదు!

మన బిల్లు ఎప్పుడూ వేగంగా పోలేదా అంటే, ఒకసారి పోయింది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు, అరెస్టుకు ముందు పై అధికారి అనుమతి కావాలి, కేసు కట్టే ముందు ప్రాథమిక విచారణ చేయవచ్చు అని తీర్పిచ్చింది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది, మనవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆగస్టు 3న సవరణ బిల్లు పెట్టారు, 6న లోక్‌సభ, 9న రాజ్యసభ పాస్ చేశాయి. 18-ఎ సెక్షను అట్లా వచ్చింది. 2020 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ వేగం దయతో రాలేదు, రోడ్డు మీద నుంచి వచ్చింది. అయితే ప్రతి బిల్లుకూ రోడ్డు మీద ప్రాణాలు పెట్టుకుంటూ పోలేం గదా. కాగితం పని కూడా నేర్చుకోవాలి.

పాకీ పని బిల్లు సంగతి కూడా క్లుప్తంగా చెబుతాం. 1993లో మొదటి చట్టం వచ్చినప్పుడు దాన్ని చేయమని పార్లమెంటును అడిగిన ఆరు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. అమలులోకి రావడానికి 1997 జనవరి 26 దాకా పట్టింది. అది పాకీ దొడ్ల దగ్గరే ఆగింది, మ్యాన్‌హోల్‌లోకి దిగేవాడిని చూడలేదు. 2012 సెప్టెంబరు 3న కొత్త బిల్లు పెట్టారు, స్టాండింగ్ కమిటీకి పోయింది, 2013 మార్చిలో నివేదిక, సెప్టెంబరులో పాస్, బాబాసాహెబ్ పరినిర్వాణ దినం డిసెంబరు 6న అమలు. మంచి తేదీ ఎంచుకున్నారు. కాని లోపల ఒక వాక్యం మిగిలిపోయింది: పరికరాలు, రక్షణ తొడుగులు ఇచ్చి చేయిస్తే అతన్ని పాకీ పనివాడిగా లెక్కించనక్కరలేదని. చేతికి తొడుగు వేస్తే పని మారిందా, కులం మారిందా? ఆ చట్టం వచ్చాక కూడా మ్యాన్‌హోళ్ళలో చావులు ఆగలేదు. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది, 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెంచుకుంటూ పోతున్నారు, ఆ వాక్యం మాత్రం చట్టంలో పడి ఉంది.

కమిటీ అంటే ఒక్కోసారి గోతి కూడా. మహిళా రిజర్వేషన్ బిల్లు 1996 సెప్టెంబరులో పెట్టి, గీతా ముఖర్జీ గారి అధ్యక్షతన సంయుక్త కమిటీకి పంపారు. ఆమె మూడు నెలల్లోపే నివేదిక ఇచ్చింది. రెండు సభలూ పాస్ చేయడానికి 2023 సెప్టెంబరు దాకా పట్టింది, 27 ఏళ్ళు. బాబాసాహెబ్ హిందూ కోడ్ బిల్లు 1948లో సెలెక్ట్ కమిటీకి పోయి వచ్చింది. ఆయన అధ్యక్షుడిగా క్లాజు క్లాజు సవరించి తెచ్చినా సభలో నీరుగార్చారు. 1951లో మంత్రి పదవి విసిరేసి బయటికొచ్చారు. నివేదిక ఇస్తే సరిపోదు, వెంటపడాలి.

ఈ మధ్య అసలు కమిటీకి పంపడమే తగ్గిపోయింది. 2009-14 లోక్‌సభ కాలంలో వందకు 71 బిల్లులు కమిటీలకు పోయాయి. 2019-24 కాలంలో వందకు 16. 2020లో మూడు సాగు చట్టాలు కమిటీ గడప తొక్కకుండానే పాసయ్యాయి. రైతులు ఏడాది పాటు ఢిల్లీ పొలిమేరల్లో కూర్చుంటే 2021లో వెనక్కి తీసుకున్నారు. కాబట్టి ఒక బిల్లు కమిటీకి పోయిందంటే, మనకు దొరికిన ఆ కాస్త సందును వదులుకోకూడదు.

ఆ సందు ఎంత? సాధారణంగా పదిహేను రోజులు. కమిటీ పేపర్లో ప్రకటన ఇస్తుంది, రెండు కాపీలు, ఇంగ్లీషులో గాని హిందీలో గాని పంపమంటుంది. తెలుగు మాట లేదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో తెలుగు ఉంది, సభలో ఎంపీ తెలుగులో మాట్లాడితే అనువాదం చేసేవాళ్ళున్నారు, కూలికి పోయే మనిషి తన వెలి గురించి రాయాలంటే మాత్రం ఇంగ్లీషు నేర్చుకోవాలి. దీని మీద మన ఎంపీలను నిలదీయాలి. ఎస్సీ రిజర్వుడు సీట్లు ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు: అమలాపురం, బాపట్ల, తిరుపతి, చిత్తూరు. తెలంగాణలో మూడు: పెద్దపల్లి, నాగర్‌కర్నూలు, వరంగల్. ఎవరు ఏ కమిటీలో ఉన్నారో ఏడాదికోసారి మారుతుంది, ప్రతి జిల్లావాళ్ళూ ఆ పేర్లు రాసిపెట్టుకోవాలి. వచ్చి ఓటు అడిగినప్పుడు, ఆ కమిటీకి ఎన్నిసార్లు వెళ్ళావయ్యా అని అడగాలి.

రాసేది ఎట్లా రాయాలి? మనవాళ్ళు వినతిపత్రం అనగానే మనువుతో మొదలుపెట్టి నాలుగు పేజీలు రాస్తారు. ఆవేశం సభలో బాగుంటుంది. కమిటీకి పంపేదాంట్లో క్లాజు నంబరు వేయండి. ఆ క్లాజు ఇట్లా ఉంది, మా ఊళ్ళో ఇట్లా జరిగింది, కాబట్టి ఈ మాట తీసేసి ఈ మాట పెట్టండి అని రాయండి. "మమ్మల్ని వెలివేశారు" అంటే చాలదు. ఏ తేదీ నుంచి కిరాణా కొట్టువాడు సరుకు ఇవ్వలేదు, ట్రాక్టరు ఎవరు పంపలేదు, బోరు నీళ్ళు ఎన్ని రోజులు ఆపారు, స్టేషనుకు ఎప్పుడు వెళ్ళారు, ఏ సెక్షను కట్టారు, ఏది కట్టలేదు. ఎఫ్.ఐ.ఆర్ జిరాక్సు జతచేయండి. కమిటీ ముందుకొచ్చి మాట్లాడతామని అడిగే హక్కు ఉంది, ఆ సంగతి కాగితంలోనే రాయాలి. పదిహేను రోజుల్లో ఇదంతా మొదలుపెడితే కాదు. కాగితాలు ముందే సిద్ధంగా ఉండాలి.

అందుకే భోజనాలయ్యాక మండలాలవారీగా కూర్చుందాం. ఒక్కో మండలానికి ఒక నోటుబుక్కు ఇస్తున్నాం. గడిచిన మూడేళ్ళలో మీ ఊళ్ళలో జరిగిన కేసులు, తేదీతో, సెక్షనుతో, చార్జిషీటు పడిందా లేదా అనే వివరంతో ఇవాళే రాయడం మొదలుపెట్టండి. చదువుకున్న పిల్లలు రాయండి, పెద్దలు చెప్పండి. ఇంగ్లీషులోకి మార్చడానికి కాలేజీ పిల్లలు నలుగురు ముందుకొచ్చారు, వాళ్ళు ఆ చెట్టు కింద కూర్చుంటారు. బాధితుల పేర్లు మాత్రం వాళ్ళను అడగకుండా రాయకండి.