ఒక ఇల్లు, ముగ్గురు మనుషులు, ఒక రోడ్డు



ఈ రోజు మాట రోడ్డు గురించి. రోజూ నడిచే రోడ్డే. రోజూ దాటే రోడ్డే. కాని దాని గురించి కూర్చుని మాట్లాడుకోవడం తక్కువ.

ముందు ఒక ఇంటి సంగతి వినండి. పేర్లు అక్కర్లేదు. ఇలాంటి ఇల్లు ప్రతి పట్నంలోనూ ఉంటుంది.

ఆ ఇంట్లో తల్లి మునిసిపాలిటీలో రోడ్లు ఊడ్చే పని చేస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకే చీపురు పట్టుకుని బయలుదేరుతుంది. తండ్రి ఆటో నడుపుతాడు. కొడుకు సైకిలు మీద మెకానిక్ షెడ్డుకు పోతాడు. ముగ్గురికీ తిండి పెట్టేది ఆ ఒక్క రోడ్డే.

ఒకనాడు చీకటి ఉండగానే ఆమె రోడ్డు పక్కన చెత్త పోగు చేస్తోంది. వెనకనుంచి ఒక కారు దూసుకొచ్చింది. ఆమెకు తగిలీ తగలకుండా పోయింది. చేతిలో చీపురు ఎగిరి అవతల పడింది. ఆమె బతికి బయటపడింది. ఆ రాత్రి ఇంట్లో గొడవ.

"నడిచేవాళ్ళంతా రోడ్డు మధ్యకే వస్తారే! మేం బండ్లు ఎలా నడపాలి?" అన్నాడు తండ్రి.

"మీ ఆటోలు మాత్రం తక్కువా నాన్నా? ఎక్కడ పడితే అక్కడ ఆపుతారు. సైకిలు పోయి కాలవలో పడాల్సిందే" అన్నాడు కొడుకు.

"పక్కన నడవడానికి చోటుంటే మధ్యకు ఎందుకు వస్తామయ్యా? మేం సరదాకి వస్తామా?" అంది తల్లి.

పక్కింటి ముసలమ్మ వచ్చింది. "పోనీలేవే, గండం గడిచింది. అంతా తలరాత" అంది.

ఆ ముగ్గురి మాటా నిజమే. ముసలమ్మ మాట మాత్రం నిజం కాదు. అది తలరాత కాదు. అది రోడ్డు వేసిన తీరు. తలరాతను ఎవరూ మార్చలేరంటారు. రోడ్డును మార్చవచ్చు.

రోజుకు ఎంతమంది?

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఇది కేంద్ర ప్రభుత్వం చెప్పిన లెక్క. అంటే రోజుకు 460 మందికి పైగా. రోజూ ఒక చిన్న పల్లె ఖాళీ అయినట్టు.

వాళ్ళలో నడిచేవాళ్ళు 32,825 మంది. సైకిలు వాళ్ళు 4,836 మంది. మోటారు సైకిళ్ళు, స్కూటర్ల మీద పోయేవాళ్ళు 74,897 మంది. ఈ మూడూ కలిపి చూడండి. చనిపోయిన ప్రతి ముగ్గురిలో ఇద్దరు వీళ్ళే. చుట్టూ ఇనుప డొక్కు లేనివాళ్ళు. ఒంటి మీద బట్టే వాళ్ళకు కవచం.

ఊరు దాటే రోడ్డు ఊరి నడుమకు వచ్చింది

విజయవాడలో బందరు రోడ్డు ఉంది. బందరు పోయే రోడ్డు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు ఆ రోడ్డుకు రెండు వైపులా పట్నమే. విశాఖపట్నంలో జాతీయ రహదారి ఊరి మధ్యనుంచే పోతుంది. చాలా పట్నాల్లో ఇదే కథ.

ఊరినుంచి ఊరికి పోయే రోడ్డు బండ్ల కోసం వేసింది. తర్వాత దాని పక్కన బడి వచ్చింది. సంత వచ్చింది. ఆస్పత్రి వచ్చింది. ఇళ్ళు వచ్చాయి. మనుషులు రోడ్డు దాటడం మొదలైంది. రోడ్డును మాత్రం బండ్ల కోసమే ఇంకా వెడల్పు చేశారు. కాలిబాట కోసేశారు. నీడనిచ్చే చెట్టు కొట్టేశారు. వెడల్పయిన కొద్దీ బండి వేగం పెరిగింది. డ్రైవరు చెడ్డవాడు కానక్కర్లేదు. తిన్నగా, వెడల్పుగా, ఖాళీగా ఉన్న రోడ్డు "ఇంకా తొక్కు, ఇంకా తొక్కు" అంటుంది.

చీరలతో కొలిచి చూడండి

వేగం అంటే ఏమిటో చీరలతో కొలుద్దాం. చీర పొడవు అయిదున్నర మీటర్లు.

డ్రైవరు ఎదురుగా మనిషిని చూశాడు. బ్రేకు మీద కాలు వెయ్యడానికి ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో బండి పరుగెడుతూనే ఉంటుంది. బ్రేకు వేశాక కూడా కొంత దూరం పోయి గాని ఆగదు.

గంటకు 30 కిలోమీటర్ల వేగమైతే కారు సుమారు 13 మీటర్లలో ఆగుతుంది. అంటే రెండున్నర చీరల దూరం.

50 వేగమైతే సుమారు 28 మీటర్లు కావాలి. అయిదు చీరలు.

60 వేగమైతే సుమారు 37 మీటర్లు. దాదాపు ఏడు చీరలు.

ఇది పొడి రోడ్డు మీద లెక్క. వాన పడితే ఇంకా ఎక్కువ. వేగం 30 నుంచి 60కి రెండింతలు అయింది. దూరం మాత్రం రెండింతలతో పోలేదు, మూడింతలకు దగ్గరైంది. బిడ్డ మూడు చీరల దూరంలో రోడ్డు మీదికి వచ్చిందనుకోండి. 30 వేగంతో వచ్చే కారు ఆగుతుంది. 60 వేగంతో వచ్చే కారు తగులుతుంది. నెమ్మదిగా తగిలితే చాలామంది బతుకుతారు. వేగంగా తగిలితే బతకడం కష్టం.

రోడ్డును పంచుకోవడం ఎలా?

అన్నదమ్ములు పొలం పంచుకుంటారు. గట్టు వేసుకుంటారు. గట్టు లేకపోతే రోజూ తగాదానే. రోడ్డూ అంతే.

వందడుగుల రోడ్డు అంటే సుమారు 30 మీటర్లు. దాన్ని ఇలా పంచవచ్చు:

రెండు వైపులా కాలిబాట మూడేసి మీటర్లు. మొత్తం 6.
రెండు వైపులా సైకిలు దారి రెండేసి మీటర్లు. మొత్తం 4.
ఆటోలు, బస్సులు ఆగడానికి రెండు వైపులా రెండేసి మీటర్లు. మొత్తం 4.
బండ్లు పోవడానికి అటు 7, ఇటు 7. మొత్తం 14.
నడుమ డివైడరు 2 మీటర్లు.
అన్నీ కూడండి. 30 అయిందా?

బండ్లకు ఇంకా సగానికి దగ్గరగా చోటుంది. ఎవరినీ వెళ్ళగొట్టలేదు. తండ్రి ఆటో ఆపుకోవడానికి చోటు దొరికింది. కొడుకు సైకిలుకు దారి దొరికింది. తల్లి ఊడ్చేటప్పుడు నిలబడడానికి గట్టు దొరికింది.

కాలిబాట ఎలా ఉండాలో కూడా లెక్క ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ 2012లో ఆ నియమాలు రాసింది. నడవడానికి అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ఇద్దరు ఎదురుపడినా తప్పుకుని పోవచ్చు. ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకూడదు. అంటే జానెడు కన్నా తక్కువ. చాలా చోట్ల మోకాలెత్తు కడతారు. ముసలమ్మ ఎక్కలేదు. కడుపుతో ఉన్న తల్లి ఎక్కలేదు. మళ్ళీ రోడ్డు మీదికే దిగుతారు. చూసినవాళ్ళు "కాలిబాట కట్టినా వీళ్ళు వాడరు" అంటారు.

మరి పూలమ్మే ఆమె, కూరలమ్మే ఆమె? మూడు మీటర్లలో నడకకు 1.8 వదిలితే వాళ్ళకూ బుట్ట పెట్టుకునే చోటు మిగులుతుంది. వీధి వ్యాపారులకు రక్షణగా 2014లో చట్టం కూడా వచ్చింది.

దాటే చోటు

డివైడరు లేని నాలుగు వరసల రోడ్డు దాటాలంటే 14 మీటర్లు నడవాలి. బిడ్డను చంకనేసుకుని నడిస్తే 14 సెకన్లు పడుతుంది. ఆ లోపల 50 వేగంతో వచ్చే బండి దాదాపు 195 మీటర్లు వస్తుంది. అంత దూరంనుంచి వచ్చే బండిని ఆమె రెండు వైపులా చూసుకోవాలి.

నడుమ నిలబడే దిమ్మె ఉంటే? ముందు 7 మీటర్లు దాటవచ్చు. ఆగవచ్చు. ఇటు చూసి తక్కిన 7 మీటర్లు దాటవచ్చు. పెద్ద ఖర్చు లేని పని. ప్రాణం నిలబెట్టే పని.

జీబ్రా గీతలు గీస్తే సరిపోదు. దాటే చోటును కాలిబాట ఎత్తుకు లేపి కడితే బండి తనంతట తానే తగ్గుతుంది. అక్కడ దీపం ఉండాలి. బస్సు ఆగే చోటు దానికి దగ్గరగా ఉండాలి. పైనుంచి పోయే మెట్ల వంతెన కడితే సరిపోతుందని కొందరంటారు. నెత్తిన గంప, చంకన బిడ్డ ఉన్న ఆడది అన్ని మెట్లు ఎక్కి దిగగలదా?

చేసి చూపిన ఊళ్ళు

చెన్నైలో త్యాగరాయనగర్ ఉంది. చీరల కోసం మన వైపునుంచి కూడా పోతుంటారు. అక్కడి పాండీ బజారులో నడిచేవాళ్ళు బండ్ల మధ్య నలిగేవాళ్ళు. 2019లో ఆ రోడ్డును మార్చారు. బండ్లు పోయే చోటు తగ్గించారు. కాలిబాటలు బాగా వెడల్పు చేశారు. కూర్చోవడానికి బల్లలు వేశారు.

కొలంబియా దేశంలో బొగొటా అనే పెద్ద పట్నం ఉంది. అక్కడ పెద్ద రోడ్ల మీద 60 వేగం ఉండేది. 2018 నుంచి కొన్ని రోడ్ల మీద 50కి తగ్గించారు. ఆ రోడ్ల మీద చావులు తగ్గాయి. 2020లో అన్ని పెద్ద రోడ్లకూ అదే నియమం పెట్టారు. 

చట్టం ఏమంటుంది?

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. అందులో 198ఎ అనే సెక్షను చేర్చారు. రోడ్డును నియమాల ప్రకారం వెయ్యక, దానివల్ల మనిషి చనిపోతే, వేసినవాళ్ళకు లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. తప్పు డ్రైవరుదో, నడిచేవాళ్ళదో మాత్రమే కాదు. రోడ్డుదీ కావచ్చు. చట్టమే ఒప్పుకుంది.

2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా ఒక మాట చెప్పింది. నడవడానికి వీలైన కాలిబాట మనిషి జీవించే హక్కులో భాగం అంది.

ఏం చెయ్యవచ్చు?

ఆ ఇంటి ముగ్గురిలా ఒకరినొకరు తిట్టుకుంటే రోడ్డు మారదు. ముగ్గురూ కలిసి అడిగితే మారుతుంది. ముందు ఆ రోడ్డు ఎవరిదో కనుక్కోవాలి. మునిసిపాలిటీదా? రోడ్లు, భవనాల శాఖదా? జాతీయ రహదారుల వాళ్ళదా? లేకపోతే "మాది కాదు" అని తిప్పుతారు.

తర్వాత నలుగురు కలిసి ఒక గంట నిలబడి లెక్క పెట్టాలి. లెక్క ఉన్న అర్జీకి బరువుంటుంది. అర్జీ ఇలా రాయవచ్చు:

"కమిషనరు గారికి,
అయ్యా, మా పేట ఆడవాళ్ళు నమస్కరించి రాసుకున్న అర్జీ.
మా పేటకూ బడికీ మధ్య పెద్ద రోడ్డు ఉంది. ...... తారీఖున పొద్దున 8 నుంచి 9 దాకా మేము లెక్క పెట్టాము. ...... మంది నడిచి దాటారు. వాళ్ళలో పిల్లలు ...... మంది. సైకిళ్ళు ...... పోయాయి. కాలిబాట లేదు. దాటే చోట దీపం లేదు.
మాకు కాలిబాట, నడుమ దిమ్మె, ఎత్తు చేసిన దాటే చోటు, దీపం కావాలి.
ఇట్లు,
........................"

ఖాళీలు మీరే నింపండి. కింద అందరూ సంతకాలు చెయ్యండి. సోమవారం కలెక్టరు ఆఫీసులో కూడా అర్జీలు తీసుకుంటారు. ఇచ్చాక రసీదు తీసుకోండి. నెల తర్వాత ఆ రసీదు పట్టుకుని మళ్ళీ పోయి అడగండి.

నిన్నటిదాకా వేలిముద్ర వేసిన చెయ్యి ఇవాళ సంతకం చేస్తోంది. ఆ సంతకం రేషన్ కార్డుకే కాదు, రోడ్డుకూ పనికొస్తుంది. తెల్లవారుజామున చీపురు పట్టుకుని పోయిన తల్లి పొద్దెక్కేసరికి ఇంటికి తిరిగి రావాలి. ఆమె కోసం ఆ ఒక్క కాగితం రాయండి.