డ్రమ్ములో దిగిన వాన నీరు
(సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)



మద్దతు ధర గురించి, కాలువ నీటి గురించి ఇక్కడ ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈరోజు ఆయిల్ డ్రమ్ము గురించి మాట్లాడుకుందాం. చిన్న విషయమని నవ్వకండి. దానివల్ల ఒక సార్వాలో మాకు నాలుగు రోజుల దమ్ము ఆగిపోయింది.

మేము కొందరం కలిసి ట్రాక్టరు కొనుక్కున్నాం. చిన్న డబ్బాలైతే ఖర్చెక్కువని 210 లీటర్ల హైడ్రాలిక్ ఆయిల్ డ్రమ్ము తెచ్చాం. షెడ్డు నిండా ఎరువు బస్తాలు. డ్రమ్మును ఆరుబయట నిలబెట్టాం. బిరడా గట్టిగానే బిగించాం. అయినా నీరు దిగింది. ఎలాగంటే, పగటి ఎండకు డ్రమ్ము వేడెక్కి లోపలి గాలి కొంత బయటికి పోతుంది. వాన పడి చల్లబడగానే మళ్లీ గాలి పీలుస్తుంది. మూత మీద నిలిచిన నీరు బిరడా మరల సందుల్లోంచి ఆ గాలితోపాటే లోపలికి పోతుంది.

దమ్ము మధ్యలో లిఫ్టు లేవడం మానేసింది. చూస్తే ఆయిల్ పాలలా తెల్లగా ఉంది. కల్తీ సరుకు అమ్మారని షాపు మీదికి గొడవకు పోయాం. తప్పు మాదేనని తర్వాత తెలిసింది. ఈలోగా నాట్లకు మాట్లాడుకున్న కూలీలు వేరే ఊరికి పోయారు, నారు ముదిరింది.

అప్పటినుంచి మేము పాటిస్తున్నవి చెబుతాం.

డ్రమ్ము కప్పు కిందే, చెక్కల మీద ఉండాలి. బయట తప్పదంటే పడుకోబెట్టి, దొర్లకుండా రెండువైపులా చెక్కలు పెట్టాలి. రెండు బిరడాలూ ఒకే మట్టంలో, గడియారంలో మూడు, తొమ్మిది అంకెలు ఉండే చోట ఉండాలి. అప్పుడు లోపలి ఆయిలే బిరడాలను కప్పి ఉంచుతుంది, గాలి, నీరు చొరబడవు.

ఇంజన్, గేర్, హైడ్రాలిక్ ఆయిళ్లకు వేర్వేరు గరాట్లు, కొలపాత్రలు పెట్టి పేర్లు రాయాలి. ముందు తెచ్చినది ముందు వాడాలి. పురుగుమందు డబ్బాలో ఆయిల్ పోయొద్దు. గ్రీజు డబ్బా మూత తెరిచి వదలొద్దు. అందులో పడిన ఇసుక బేరింగును ఆకురాయిలా అరగదీస్తుంది. గ్రీజు కొట్టేముందు నిపుల్ తుడవాలి. నేల మీద ఒలికితే నీళ్లతో కడగకుండా రంపపు పొట్టు చల్లి ఎత్తాలి.

ఇక కాలిన ఆయిల్ సంగతి. కాలువ గట్టున పారబోస్తున్నాం, చెదలకని గుంజలకు పూస్తున్నాం. అది ఏళ్లతరబడి చర్మానికి తగిలితే కేన్సర్ రావచ్చు. చేతులు డీజిల్‌తో కాదు, సబ్బుతో కడగండి. ఆ ఆయిల్‌ను నీళ్లు, డీజిల్ కలపకుండా మూత ఉన్న డబ్బాలో దాచండి.

వాడిన ఆయిల్‌ను ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో చేర్చారు. దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ ఉత్పత్తి చేసే కంపెనీల మీద పెట్టారు. మరి మన ఊళ్లకు ఎవరొచ్చి తీసుకెళ్తున్నారు? కొత్త ఆయిల్ అమ్మడానికి ఊరూరా దారి ఉన్నప్పుడు పాతది తీసుకెళ్లడానికి ఎందుకు లేదు? మండలానికో సేకరణ కేంద్రం పెట్టాలని మనం అడగాలి.

అడిగే ముందు మన డ్రమ్ము మనం సరిగా పెట్టుకుందాం. ఇంటికి వెళ్లగానే షెడ్డులోకి ఒకసారి తొంగి చూడండి.