స్టూవర్టుపురం: కూలీల ఊరు

బాపట్లలో మా మాస్టారి పేరిట జరుగుతున్న సభ ఇది. ఆయన పాండిత్యం గురించి మీకు నేను చెప్పేదేముంది? ఒక్క సంగతి చెప్పి ముందుకెళతాను. పరీక్ష కాగితంలో 'అని అంటారు' అని రాస్తే మార్కు కోసేసి, పక్కన ఎర్రసిరాతో 'ఎవరు?' అని అడిగేవారు. స్టూవర్టుపురం గురించి నాకున్న తగవంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఊరి పుట్టుక మీ అందరికీ తెలిసిందే. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ బాపట్లకూ చీరాలకూ మధ్య ఎరుకల కుటుంబాలకు సెటిల్‌మెంటు పెట్టింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరే ఊరి పేరయింది. 1947లో మద్రాసు, 1952లో దేశమంతా ఆ చట్టాన్ని రద్దు చేశాయి. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ ఊరి స్వభావం దగ్గర. 'దొంగల ఊరు, తర్వాత దారికొచ్చింది' అన్నది వాడుక కథ. 1991లో ఒకే ఏడాది ఈ ఊరి పేరుతో రెండు సినిమాలొచ్చాయి. 2023లో ఈ ఊరి కథతోనే మరొకటి వచ్చింది. సంస్కరణ గురించి రాసే మిత్రులు కూడా కథ మొదటి సగాన్ని ఒప్పేసుకుని రెండో సగం రాస్తున్నారు. ఈ ఊళ్లో సంస్కరణకు పనిచేసిన హేమలతా లవణం, లవణం గార్ల సేవకు చేతులెత్తి మొక్కుతాను. నా తగవు ఆ మొదటి సగంతో.

దొంగలని అన్నదెవరు? 1892లో నేరస్థ కులాల మీద పుస్తకం రాసిన ముల్లాలీ పోలీసు అధికారి. 1909లో థర్‌స్టన్ అలాంటి పోలీసు రాతలనే దక్షిణ భారత కులాలు, తెగల మీద తన సంపుటాల్లోకి ఎత్తుకున్నాడు. ఆ పుటల్లోనే ఉప్పు, కరివేపాకు, దబ్బ, కుంచె అని ఎరుకలవాళ్లలో వృత్తుల వారీగా శాఖలున్నాయి. సముద్రతీరం నుంచి ఉప్పు మోసుకెళ్లి, మెట్టసీమ నుంచి ధాన్యం తెచ్చినవాళ్లు వీళ్లు. రైళ్లూ, ఉప్పు మీద సర్కారు గుత్తా ఆ వ్యాపారాన్ని తుడిచిపెట్టాయి. పరిశోధకురాలు మీనా రాధాకృష్ణ 2001 నాటి తన పుస్తకంలో ఈ సంగతి వివరంగా చూపించారు.

'వ్యాపారం పోయినవాళ్లంతా దొంగలయ్యారా?' అని నాకు ఎదురు ప్రశ్న వేస్తుంటారు. కాలేదు. ఎరుకలవాళ్లూ అంతా కాలేదు. మరి నేరస్థుల లెక్కలో అందరూ ఎలా పడ్డారు? ప్రభుత్వం ఒక తెగను నేరస్థ తెగ అని ప్రకటిస్తే దాన్ని ప్రశ్నించే అధికారం ఆ చట్టం కింద ఏ కోర్టుకూ ఉండేది కాదు. పేరు రిజిస్టరుకెక్కితే వేలిముద్ర, వేళకు హాజరు, ఊరు దాటాలంటే చీటీ. హాజరు తప్పితే జైలు. రెండోసారి తప్పితే శిక్ష ఇంకా పెద్దది. ఇలా పెరిగిన శిక్షల చిట్టానే మనవాళ్లు ఊరి స్వభావానికి రుజువుగా చూపిస్తున్నారు! 1788 నుంచి ఓడల్లో తెచ్చి ఆస్ట్రేలియాలో దింపిన ఖైదీలకు కనీసం కోర్టులో విచారణ జరిగింది. వాళ్ల మునిమనవలు ఇవాళ ఓడ పేరు సహా చెప్పుకుని గర్వపడుతున్నారు. పుట్టుకే నేరమైన స్టూవర్టుపురం మనవడు మాత్రం ఉద్యోగానికి వెళితే ఊరిపేరు మింగాలి.

మరి సెటిల్‌మెంటులో ఎరుకలవాళ్లు చేసిందేమిటి? ఇచ్చిన భూమి బతకడానికి చాలలేదు. చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీకి చేతులు కావాలి. సెటిల్‌మెంటు నుంచి ఆడా మగా కూలికి వెళ్లారు. నేను మాట్లాడిన ఒక ముసలమ్మ ఇప్పటికీ ఆకును రెండువేళ్ల మధ్య నలిపి, వెలుగుకు పట్టి, ఏ రకమో చెప్పేస్తుంది. ఆ పనితనం ఏ పోలీసు పుస్తకంలోనూ లేదు. గుంటూరు పొగాకు చరిత్ర రాసినవాళ్లు రైతునూ కంపెనీనీ రాశారు, బేరన్ల దగ్గరా గోడౌన్లలోనూ నిలబడ్డ ఈ మనుషుల్ని వదిలేశారు.

అందుకే ఇప్పుడు ఆ గోడౌన్లలో పనిచేసిన పెద్దల మాటలు రికార్డు చేస్తున్నాను. వారిలో చాలామందికి ఎనభై దాటాయి. మీ ఇళ్లలో పాత కూలి చీటీలు, హాజరు పుస్తకాలు, బడి రిజిస్టర్లు ఉంటే దయచేసి నకలు తీసుకోనివ్వండి. బాపట్ల జిల్లా అధికారులు సెటిల్‌మెంటు కాగితాలను అందరికీ తెరవాలని ఈ సభ తరఫున తీర్మానం చేయమని కోరుతున్నాను. తీర్మానం ప్రతి నా జేబులోనే ఉంది, అధ్యక్షుల వారికి ఇస్తున్నాను.